జ్ఞాపకం తగ్గినా వ్యాపకం ఉండాలి

స్మృతిభ్రంశం సోకిన పెద్దలకు తగిన కాలక్షేపం, సాంగత్యం: ఇంటివారికి ఒక పాఠం

పొద్దు వాలే వేళ. నాందేడ్‌లో ఇత్వారా సందుల్లోనో, సిడ్కో కాలనీలోనో ఒక తెలుగు కుటుంబం. డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దావిడ కొంగు సర్దుకొని, చేతిసంచి పట్టుకొని గడప దగ్గర నిలబడుతుంది. "ఇంటికి పోతా" అంటుంది. "అవ్వా, ఇదే మన ఇల్లు" అని కోడలు చెబుతుంది. ఆమె నమ్మదు. మనవడు మరాఠీలో సర్దిచెప్పబోతాడు. నిన్నమొన్నటి దాకా ఆ భాషలోనే అంగడిలో బేరమాడిన మనిషికి ఇప్పుడు ఆ మాటలు పరాయివిగా వినిపిస్తాయి. చివరకు తలుపు గడియ వేయక తప్పదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

ఇటువంటి ఇళ్లు మన మధ్య ఎన్నో ఉన్నాయి. అక్కడి వారిని "రోజంతా పెద్దావిడ ఏమి చేసింది?" అని అడిగితే సాధారణంగా వచ్చే సమాధానం: "ఏమీ చేయలేదు. మేమే ఏమీ చేయనివ్వలేదు." ఇంటివారు ప్రేమతోనే అన్ని పనులూ చేతికి అందించారు. ఆమెకు మిగిలినవి మంచం, టీవీ, గోడ. సాయంకాలపు అలజడికి కారణాలు చాలా ఉండవచ్చు. వాటిలో పగటి శూన్యం ఒకటి. అదృష్టవశాత్తు ఇంటివారి చేతిలో ఉన్న కారణం కూడా అదే.

స్మృతిభ్రంశం గల మనిషికి మందుతో పాటు ఒక పని కావాలి, ఒక తోడు కావాలి. ఆ పని ఆ మనిషి గడిచిన జీవితం నుంచి రావాలి. ఆ తోడు ఆ మనిషి భాషలో మాట్లాడాలి. ఈ పాఠంలో నేర్చుకోవలసినది ఇదే.

1. వ్యాధి పేరు, స్వరూపం

వైద్యులు డిమెన్షియా అనే దానిని మరాఠీ ఆసుపత్రి పత్రాల్లో స్మృతిభ్రంశ అని రాస్తారు. తెలుగు పత్రికలు చిత్తవైకల్యం అనీ, మతిమరుపు వ్యాధి అనీ వాడుతున్నాయి. ఈ పాఠంలో స్మృతిభ్రంశం అనే మాటనే స్వీకరిస్తున్నాం. అది రెండు భాషలవారికీ తెలిసినది, పైగా మనిషిని కించపరచనిది. వీధిలో వినిపించే మాటలు వేరు. "చాదస్తం" అని మనవారు కొట్టిపారేస్తారు. "సాఠీ బుద్ధీ నాఠీ", అంటే అరవై వస్తే బుద్ధి పోతుందని మరాఠీ సామెత. రెండూ పొరపాటే. వయసుతో మతిమరుపు కొంత సహజం. స్మృతిభ్రంశం మాత్రం మెదడుకు వచ్చే జబ్బు. తాళంచెవి ఎక్కడ పెట్టామో మరచిపోవడం వయసు లక్షణం. తాళంచెవి దేనికి వాడతారో తెలియకపోవడం జబ్బు లక్షణం.

స్మృతిభ్రంశానికి దారితీసే వ్యాధులలో ప్రధానమైనది అల్జీమర్స్. జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో దీనిని మొదటిసారి వైద్యుల సభలో వివరించాడు. మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి స్మృతిభ్రంశం ఉన్నదని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఇది ఏదో ఒక ఇంటి దురదృష్టం అనుకోవడానికి వీలులేని సంఖ్య.

ఈ జబ్బులో అన్ని జ్ఞాపకాలూ ఒకేసారి పోవు. కొత్త సంగతులను నిలువచేసే హిప్పోకాంపస్ అనే భాగం అల్జీమర్స్‌లో ముందుగా దెబ్బతింటుంది. అందుకే పొద్దున తిన్న అన్నం గుర్తుండదు. చేతులు నేర్చిన విద్య మెదడులో వేరే చోట్ల నిలుస్తుంది. రొట్టె తట్టడం, నూలు చుట్టడం, మాల గుచ్చడం, భజనలో తాళం వేయడం వంటివి చాలాకాలం మిగులుతాయి. యౌవనంలో విన్న పాటలూ అంతే. కోడలి పేరు మరచిన అవ్వ తన పెళ్లినాటి పాటను చివరి చరణం దాకా పాడితే అది నటన అనుకోకూడదు.

మరొక సంగతి కూడా తెలుసుకోవాలి. పని ఆరంభించే చొరవ ఈ జబ్బులో సన్నగిల్లుతుంది. చేయగలిగిన మనిషి కూడా తనంతట తాను లేచి మొదలుపెట్టలేడు. దీనిని సోమరితనమని, మొండితనమని మనం పొరబడతాం. మొదటి అడుగు మనం వేసి, వస్తువు చేతిలో పెడితే రెండో అడుగు ఆ మనిషి వేస్తాడు.

2. పరిశోధనలు ఏమి చెబుతున్నాయి

ఇంగ్లండుకు చెందిన టామ్ కిట్‌వుడ్ 1997లో ప్రచురించిన గ్రంథంలో, రోగాన్ని చూసి మనిషిని చూడకపోవడం రోగమంత హాని చేస్తుందని వాదించాడు. నేడు ప్రపంచమంతటా చెప్పుకొనే "వ్యక్తి కేంద్రిత సంరక్షణ" అనే భావన బలపడడానికి ఆయన రచనలు ముఖ్య కారణం.

ఈ భావనను పరీక్షకు పెట్టినవారిలో అమెరికాకు చెందిన లారా గిట్లిన్ ఒకరు. 2008లో ఆమె బృందం అరవై కుటుంబాలతో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. శిక్షణ పొందిన ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఎనిమిది విడతలుగా రోగిని, సంరక్షకులను కలుసుకున్నారు. ఆ మనిషి పూర్వ జీవితం, ఇష్టాలు, ఇప్పటికి మిగిలిన శక్తి పరిశీలించి, ఆ మనిషికే తగిన పనులను ఎంపిక చేశారు. వాటిని ఎలా చేయించాలో ఇంటివారికి నేర్పారు. నాలుగు నెలల తరువాత అడిగిందే అడగడం, సంరక్షకుల వెంటే నీడలా తిరగడం తగ్గాయి. సంరక్షకులకు కాస్త విరామం దొరికింది.

బ్రిటన్‌లో 69 సంరక్షణ గృహాలలోని 847 మందితో జరిగి, 2018లో వెలువడిన మరొక అధ్యయనంలో, సిబ్బందికి వ్యక్తి కేంద్రిత శిక్షణ ఇచ్చి రోగులతో సాంగత్యం పెంచినప్పుడు వారి జీవన నాణ్యత మెరుగుపడింది, అలజడి తగ్గింది. ఇక బృందంగా చేసే పద్ధతి ఒకటి ఉంది. 2003లో 201 మందితో పరీక్షించిన ఈ పద్ధతిలో ఏడు వారాలు, వారానికి రెండు విడతల చొప్పున పద్నాలుగు సమావేశాలు జరుగుతాయి. పాట, ఆట, బాల్యం, తిండి, డబ్బు వంటి అంశాల మీద తేలికైన సంభాషణ సాగుతుంది. పాల్గొన్నవారిలో ఆలోచనాశక్తి, జీవన నాణ్యత రెండూ మెరుగుపడ్డాయి. చెన్నైలో ఈ పద్ధతిని తమిళ వృద్ధుల జీవితానికి అనుగుణంగా మార్చి వాడారు. మన భాషలోనూ ఇది సాధ్యమే.

ఇక్కడ ఆశ హద్దు దాటకూడదు. ఈ పద్ధతులేవీ జబ్బును నయం చేయవు. అధ్యయనాలను సమీక్షించిన నిపుణులు సైతం మేలు కొంతమేరకే అని, అందరికీ ఒకే స్థాయిలో ఉండదని జాగ్రత్తగా చెబుతున్నారు. అయితే ఆ "కొంత" మేలు ఒక ఇంటికి ప్రశాంతమైన ఒక సాయంకాలం కావచ్చు. ఖర్చు లేదు, దుష్ఫలితం దాదాపు లేదు. ప్రయత్నించడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

3. వలస వచ్చినవారి ఇంట్లో భాష

నాందేడ్ తెలుగువారికి సంబంధించిన ప్రత్యేక సమస్య ఇక్కడే మొదలవుతుంది. 1956 నవంబరు 1 వరకు నాందేడ్, నిజామాబాద్, ఆదిలాబాద్ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లాలు. మగ్గం పనికో, మిల్లు పనికో, వ్యాపారానికో అటు నుంచి ఇటు వచ్చినవారికి అప్పుడు రాష్ట్రం దాటిన భావన ఉండేది కాదు. నేడు ఎనభై దాటిన పెద్దలు ఆ రాష్ట్రంలో పుట్టినవారు. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, వీధిలో మరాఠీ వారికి అలవాటు. వారి మనవలకు మరాఠీ, హిందీ, ఇంగ్లీషు వచ్చు. తెలుగు వింటే అర్థమవుతుంది; బదులు చెప్పడం కష్టం.

పలు భాషలు రావడం మెదడుకు బలమే. హైదరాబాద్‌లోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో 648 మంది స్మృతిభ్రంశ రోగులను పరిశీలించి, సువర్ణ అల్లాడి బృందం 2013లో ఒక విశేషాన్ని వెల్లడించింది. ఒకే భాష తెలిసినవారి కంటే రెండు లేదా అంతకు మించిన భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించాయి. బడి ముఖం చూడనివారిలో కూడా ఈ తేడా కనిపించింది. తెలుగు, దక్కనీ, హిందీ కలగలిసిన మన దక్కను జీవనం గురించిన అధ్యయనం ఇది.

కాని జబ్బు వచ్చి ముదిరిన తరువాత, తరువాత నేర్చిన భాషలు ముందుగా జారిపోయి, తొలి భాష మిగలడం తరచుగా చూస్తాం. నలభై ఏళ్లు మరాఠీ మాట్లాడిన తాత ఒకనాడు తెలుగులో తప్ప బదులివ్వడు. అప్పుడు ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి లేకపోతే ఆయన సొంత ఇంట్లోనే ఒంటరి అవుతాడు. మౌనాన్ని చూసి "జబ్బు బాగా ముదిరింది" అనుకుంటాం. నిజానికి మాట్లాడే తోడు లేదు, అంతే.

కాబట్టి మొదటి సూచన భాషకు సంబంధించినది. పెద్దలతో పనిచేయించే వేళ తెలుగులో, అదీ వారి ఊరి తెలుగులో మాట్లాడండి. వాక్యం చిన్నదిగా ఉండాలి, ఒక వాక్యంలో ఒకే సంగతి ఉండాలి. మనవలకు ఇరవై మాటలు నేర్పండి: రా, కూర్చో, బాగుంది, నాకు చూపించు, ఇది ఏమిటి, మళ్లీ చెప్పు, తాగుతావా. ఈ మాటలు పిల్లలకు తెలుగు పాఠం, పెద్దలకు ప్రాణం.

4. జీవితపత్రం రాయడం

పని ఎంపిక చేయడానికి ముందు మనిషిని తెలుసుకోవాలి. మన తల్లిదండ్రుల గురించి మనకు అంతా తెలుసుననే అనుకుంటాం. "మా అమ్మకు పదిహేనేళ్లప్పుడు ఇష్టమైన పని ఏది?" అని అడిగితే చాలామందికి జవాబు దొరకదు. పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య వయసులోని జ్ఞాపకాలే వృద్ధాప్యంలో బలంగా నిలుస్తాయి. అది మనం పుట్టక ముందటి కాలం. అందువల్ల మేనత్తలను, పెదనాన్నలను, ఊళ్లో ఉన్న పాత స్నేహితులను అడిగి తెలుసుకోవాలి.

ఒక కాగితం మీద ఈ ప్రశ్నలకు జవాబులు రాసి ఉంచుకోండి.

పిలుపు: చిన్నప్పుడు ఏ పేరుతో పిలిచేవారు? ఇప్పుడు ఏ పిలుపుకు పలుకుతారు?

ఊరు: పుట్టిన ఊరు ఏది? ఇంటి ముందు ఏ చెట్టు ఉండేది? వాగా, చెరువా, బావా?

పని: చేతులతో చేసిన మొదటి పని ఏది? ఎక్కువ కాలం చేసినది ఏది? ఏ పనిలో "నా అంత వారు లేరు" అనుకొనేవారు?

పాట, కథ: భజనా, ఒగ్గు కథా, యక్షగానమా, సినిమా పాటా? ఏ గాయకుడు? ఏ సినిమా?

ఆట: పచ్చీసు, అష్టాచెమ్మా, వామనగుంటలు, పులి-మేక. వీటిలో ఏది?

తిండి: ఏ వంట స్వయంగా చేసేవారు? ఏ వాసనకు ముఖం వికసిస్తుంది?

పండుగ: బతుకమ్మా, బోనాలా, నూలు పున్నమా, ఉర్సా, మాళేగావ్ జాతరా?

గుణం: నలుగురిలో ఉండేవారా, ఒంటరిగా ఉండడం ఇష్టమా?

గాయం: ఏ సంగతి ఎత్తితే కలత పడతారు?

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఆ తరానికి 1948 నాటి భయాలు ఉన్నాయి, కరవుల జ్ఞాపకాలు ఉన్నాయి, బిడ్డలను పోగొట్టుకున్న దుఃఖం ఉంది. హాలీ సిక్కా గురించి, పాత మీటర్‌గేజ్ బండి గురించి మాట్లాడిస్తే నవ్వు రావచ్చు. రజాకార్ల కాలం గురించి తరచి అడిగితే వణుకు రావచ్చు. గతమంతా తీపి అనుకోకూడదు. గుణం గురించిన ప్రశ్న కూడా అంతే ముఖ్యం. జీవితమంతా మితభాషిగా గడిపిన మనిషిని భజన గుంపులో కూర్చోబెడితే అది సేవ అనిపించుకోదు.

5. పాత అలవాటును నేటి పనిగా మలచడం

జీవితపత్రంలోని ఒక అలవాటును తీసుకొని, దానిని మూడు మెట్లుగా విభజించాలి. మొదటి మెట్టులో ఆ మనిషే దాదాపు అంతా చేస్తారు. రెండో మెట్టులో మనం సిద్ధం చేసి ఇస్తే ఒక్క భాగం చేస్తారు. మూడో మెట్టులో చేసేవారి పక్కన కూర్చుని చూస్తారు, తాకుతారు, వాసన చూస్తారు. జబ్బు పెరిగే కొద్దీ మెట్టు దిగాలి, పని మాత్రం మానకూడదు.

జొన్నరొట్టెను ఉదాహరణగా తీసుకొందాం. తెలంగాణకూ మరాఠ్వాడాకూ ఇది ఉమ్మడి తిండి. మొదటి మెట్టులో అవ్వ పిండి తడిపి, ముద్ద చేసి, రొట్టె తడుతుంది. పొయ్యి దగ్గర కోడలు ఉంటుంది. రెండో మెట్టులో కోడలు ముద్దలు చేసి ఇస్తుంది, అవ్వ తడుతుంది. రొట్టె గుండ్రంగా రాకపోయినా దాన్నే కాల్చి తినాలి. మూడో మెట్టులో అవ్వ చేతిలో పిండి పెడతారు. చేతులు వాటంతట అవే కదలవచ్చు, కదలకపోవచ్చు. రొట్టె తట్టే చప్పుడు వింటూ పక్కన కూర్చుంటే చాలు.

నేత పని చేసిన తాతకు రాట్నం, కండెలు, నూలు చిరపరిచితాలు. మగ్గం ఇప్పుడు ఇంట్లో ఉండకపోవచ్చు. నూలు ఉండ ఒకటి, ఖాళీ కండె ఒకటి చాలు. "బాపూ, ఈ నూలు చిక్కు పడ్డది, జర తీసిపెట్టు" అని అడగండి. చిక్కు తీయడం నేతవారి చేతులకు తెలిసిన ఓపిక. పాత చీర అంచు చూపించి పడుగేది, పేకేది అని అడిగితే ఆయన గురువవుతాడు, మీరు శిష్యులవుతారు. ఆ తారుమారు ఎంతో అవసరం. రోజంతా ఎవరో ఒకరు తనకు చెప్పడమే వినే మనిషికి, తాను చెప్పే అవకాశం దొరుకుతుంది.

కిరాణా దుకాణం నడిపినవారికి నాణేలు వేరుచేయడం, పాత పద్దు పుస్తకం తిరగేయడం, త్రాసులో తూచడం ఇష్టంగా ఉండవచ్చు. బీడీలు చుట్టిన స్త్రీకి తంబాకు లేకుండా తునికాకు, కత్తెరకు బదులు ముందే కత్తిరించిన ముక్కలు, దారం ఇవ్వవచ్చు. మేస్త్రీకి తాపీ, కాసింత తడి ఇసుక చాలు. రైల్వేలో పనిచేసినవారిని నాందేడ్ నుంచి నిజామాబాద్ దాకా స్టేషన్లు చెప్పమనండి: ముద్ఖేడ్, ఉమ్రీ, ధర్మాబాద్, బాసర, ఆపై గోదావరి వంతెన. ఒక పేరు తప్పితే అందించండి, పరీక్ష పెట్టకండి.

బతుకమ్మ పండుగ వచ్చినప్పుడు గునుగు, తంగేడు, బంతి పూలు ముందు పెట్టి "అవ్వా, మొదటి వరుస ఏ పూలు పెట్టాలె?" అని అడగండి. తాంబాళంలో మొదటి వరుస ఆమె పేరిస్తే మిగతాది ఇంటిల్లిపాదీ పేర్చవచ్చు. పండుగ ఏడాదికోసారే. పూలు రంగుల వారీగా వేరుచేయడం, దేవుడికి మాల గుచ్చడం ప్రతి వారం చేయించవచ్చు.

పని ఎంపికలో నాలుగు నియమాలు పాటించాలి.

ఒకటి, పని నిజమైనదై ఉండాలి. ఏరిన కందిపప్పును ఆమె చూస్తుండగానే మళ్లీ కలిపి ముందు పెడితే అది అవమానం. మెంతికూర తుంచమని ఇచ్చి, ఆ కూరనే వండి, "ఇవాళ కూర అవ్వ తుంచిందే" అని అందరి ముందు చెప్పాలి.

రెండు, పసిపిల్లల బొమ్మలు ఇచ్చి మురిపించే ధోరణి వద్దు. తెలివి తగ్గినా గౌరవభావం తగ్గదు.

మూడు, సమయం పదిహేను నుంచి ముప్పై నిమిషాలు చాలు. సాయంకాలం అలజడి మొదలయ్యే ఇంట్లో ఆ వేళకు గంట ముందు పని ఆరంభించాలి. టీవీ కట్టేయాలి.

నాలుగు, భద్రత. వేడి, పదును, చిన్న గింజలు, మందులు జాగ్రత్త. నోట్లో పెట్టుకొనే అలవాటున్న వారితో చింతగింజలతో వామనగుంటలు ఆడించకండి. పెద్ద గవ్వలో, చెక్క బిళ్లలో వాడండి.

6. నలుగురిలో కూర్చోబెట్టడం

జబ్బు పేరు బయటపడితే బంధువులు దూరమవుతారని, సంబంధాలు చెడతాయని భయపడి పెద్దలను లోపలి గదిలో ఉంచే ఇళ్లున్నాయి. ఏకాంతం ఈ జబ్బుకు మేత. 2024లో లాన్సెట్ పత్రిక నిపుణుల సంఘం స్మృతిభ్రంశానికి సంబంధించి మార్చగల పద్నాలుగు కారణాలను పేర్కొన్నది. వినికిడి లోపం, చూపు లోపం, సామాజిక ఒంటరితనం ఆ జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఎక్కడికి తీసుకెళ్లినా ముందు కళ్లజోడు తుడిచి పెట్టండి, వినికిడి యంత్రం ఉంటే బ్యాటరీ చూడండి. వినబడని మనిషిని గుంపులో కూర్చోబెట్టి "మాట్లాడటం లేదు" అనడం అన్యాయం.

గుంపు చిన్నదిగా ఉండాలి. పెళ్లిపందిరి కంటే నలుగురు పాత స్నేహితులు మేలు. ఉదయం గోదావరి ఘాట్ మెట్ల మీద పది నిమిషాలు, వీధి చివరి గుడిలో హారతి వేళ, కులసంఘం మందిరంలో శనివారపు భజన: ఇవన్నీ మన నగరంలో ఉన్నవే. కొత్త భవనం కట్టనక్కర లేదు. ఒకే వాడలోని నాలుగైదు కుటుంబాలు వారానికి రెండుసార్లు ఒకరి ఇంట్లో కలవవచ్చు. పైన చెప్పిన పద్నాలుగు సమావేశాల క్రమం ఇందుకు మంచి నమూనా. ఒకనాడు పాత పాటలు, ఒకనాడు మా ఊరి సంత, ఒకనాడు పెళ్లి వంటలు, ఒకనాడు పచ్చీసు. 1957 నాటి మాయాబజార్, 1963 నాటి లవకుశ పాటలు ఎవరి ఫోనులోనైనా దొరుకుతాయి. తప్పొప్పులు దిద్దేవారు ఉండకూడదు. ఒకరు చెప్పిన కథలో పెళ్లికి ఏనుగు వచ్చిందంటే వచ్చిందనే అనుకోండి.

వచ్చేవారికి ముందుగా రెండు మాటలు చెప్పండి: "పేరు గుర్తుందా అని అడగవద్దు. మీ పేరు మీరే చెప్పి పలకరించండి." ఈ చిన్న సూచన వల్ల పరామర్శకు వచ్చినవారికీ ఇబ్బంది తప్పుతుంది.

7. సంరక్షకుల వంతు

ఇంటి పెద్దల సేవ చాలా ఇళ్లలో ఒక్క కోడలి మీద, లేదా ఒక్క కూతురి మీద పడుతుంది. ఈ పాఠం ఆమె నెత్తిన మరో బరువు పెట్టడానికి ఉద్దేశించినది కాదు. జీవితపత్రం రాయడం ఊళ్లో ఉన్న ఆడపడుచు చేయగలదు. ఫోనులో పాటలు పోగుచేయడం మనవడు చేయగలడు. ఆదివారం ఘాట్‌కు తీసుకెళ్లడం కొడుకు చేయాలి. ఆ ముప్పై నిమిషాలు కోడలికి విరామం. ఒకనాడు పెద్దలు పని చేయనంటే వదిలేయండి. మరునాడు మరో వేళ చూడండి. మన మంచి ప్రయత్నం విఫలమైన రోజున ఎవరినీ నిందించనక్కర లేదు.

8. వైద్యుని సంప్రదించవలసిన సందర్భాలు

వ్యాపకం వైద్యానికి బదులు కాదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావం కూడా మతిమరుపులా కనిపిస్తాయి. వీటిలో కొన్ని నయమవుతాయి. ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా మనిషి గందరగోళపడితే అది మూత్రకోశ సోకు, జ్వరం, నీరు తగ్గడం వంటి వాటి వల్ల కావచ్చు, ఆలస్యం చేయకూడదు. విష్ణుపురిలోని డాక్టర్ శంకర్‌రావు చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో సంప్రదించవచ్చు. వృద్ధుల జాతీయ సహాయవాణి సంఖ్య 14567. మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ సంఖ్య 14416. తెలుగులో మాట్లాడతామని కోరవచ్చు.

ఆసుపత్రిలో ఒక జాగ్రత్త అవసరం. జ్ఞాపకశక్తి పరీక్షను మరాఠీలోనో హిందీలోనో చేస్తే తెలుగు మాత్రమే మిగిలిన పెద్దలకు ఉన్న శక్తి కూడా లేనట్టు తేలుతుంది. ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పండి. భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో కలిపి ఐదు భాషల్లో ఇటువంటి పరీక్షలను రూపొందించింది. వెంట వెళ్లినవారు ప్రశ్నను తెలుగులో ఉన్నదున్నట్టు చెప్పాలి. జవాబు అందించకూడదు, కనుసైగ చేయకూడదు. పరీక్షలో అమ్మ గెలవాలన్న ఆరాటం మనకు ఉంటుంది. నిజం తెలిస్తేనే సాయం అందుతుంది.

9. అభ్యాసం

ఈ వారం చేయవలసినవి మూడు. మొదటి రోజు జీవితపత్రంలోని ప్రశ్నలకు జవాబులు రాయండి. తెలియని వాటి కోసం ఊరికి ఫోను చేయండి. రెండో రోజు ఒకే ఒక్క పనిని ఎంచుకొని మూడు మెట్లుగా విభజించండి. మూడో రోజు నుంచి రోజూ ఒకే వేళకు, ఇరవై నిమిషాలు, పక్కన కూర్చుని చేయించండి. ఏ పనికి ముఖం వికసించిందో, దేనికి విసుక్కున్నారో ఒక్క వాక్యం రాసి ఉంచండి. వారం తరువాత ఆ ఏడు వాక్యాలు చదివితే, తరువాత ఏమి చేయాలో మీకే తెలుస్తుంది.

మళ్లీ ఆ గడప దగ్గరకు వద్దాం. పొద్దు వాలుతోంది. అవ్వ సంచి పట్టుకొని "ఇంటికి పోతా" అంటున్నది. ఈసారి కోడలు "ఇదే ఇల్లు" అని వాదించదు. "మీ ఇంటి ముందట ఏం చెట్టు ఉండె అవ్వా?" అని అడుగుతుంది. అవ్వ కాసేపు ఆగి, "చింతచెట్టు" అంటుంది. ఆ చెట్టు గురించి చెబుతూ చెబుతూ లోపలికి వచ్చి కూర్చుంటుంది. ముందు చాట ఉంది, చాటలో మెంతికూర ఉంది. మనవడు పక్కన చేరి, నేర్చుకున్న ఇరవై మాటల్లో ఒకటి అంటాడు: "నాకు చూపించు." అవ్వ కాడ ఎట్లా తుంచాలో చూపిస్తుంది.

రేపు ఈ సంగతి ఆమెకు గుర్తుండకపోవచ్చు. ఆ సాయంకాలం మాత్రం ఆమె ఇంట్లోనే ఉంది.